బోర్గిల్ద్ గొంతు, మాగ్నీ పాట

చేపల ఫ్యాక్టరీలో కోత బల్ల దగ్గర ముప్ఫై ఒక్క సంవత్సరాలు నిలబడ్డ మనిషి బోర్గిల్ద్. అందులో పంతొమ్మిదేళ్ళు నేను ఆమె పక్కనే నిలబడ్డాను. కాడ్ చేప వచ్చేది, వెన్నుముల్లు పక్కగా కత్తి దిగేది, ముక్క అటు, ముల్లు ఇటు. యంత్రాల మోతలో పక్కమనిషి అరిచినా వినపడేది కాదు. అందరం చెవులకి తొడుగులు పెట్టుకునేవాళ్ళం. బోర్గిల్ద్ మాత్రం ఎడమ చెవి తొడుగు కొంచెం పైకి జరిపి ఉంచేది. ఎందుకో నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. ఆ మోతలో ఆమె పాడుకునేది. తన పాట తనకైనా వినపడాలి కదా.

ఆ పాటకి మాటలుండవు. మా సామీ జనం దాన్ని యోయిక్ అంటారు. మనిషికో, కొండకో, తోడేలుకో ఒక రాగం కడతారు. అది ఆ మనిషి గురించిన పాట కాదు, ఆ మనిషే. మనిషి దూరంగా ఉన్నప్పుడు అది పాడితే, వచ్చి పక్కన కూర్చున్నట్టే. అయితే నా చిన్నతనంలో, నార్వే ఉత్తర కొసన మా నెస్‌వీకా ఊళ్ళో యోయిక్ పాడే గొంతు ఒక్కటి కూడా బయటికి రాలేదు. బడిలో సామీ మాట మాట్లాడితే శిక్ష. ప్రార్థన మందిరంలో యోయిక్ అంటే పాపం. అటు ప్రభుత్వం, ఇటు దేవుడి మనుషులు, ఇద్దరూ చెరో పక్క నుంచీ కుట్టుకుంటూ వచ్చి మా నోళ్ళు మూశారు. బోర్గిల్ద్ తండ్రి ఆ మందిరంలో ప్రసంగాలు చేసేవాడు. ఇంట్లో పాడలేదు, ఒడ్డున పాడలేదు. పాడడానికి ఆమెకి దొరికిన చోటు కోత యంత్రం మోత ఒక్కటే. ఫ్యాక్టరీ యజమానులు ఆమెకి చేసిన ఏకైక మేలు అది. అదీ తెలియక చేసింది.

తొంభై ఏడులో ఫ్యాక్టరీ మూశారు. మా సముద్రపు పాయ ముందు పట్టిన చేపని ఓడలోనే గడ్డకట్టించి, చైనాలో కోయించడం లాభమట. యూనియన్ తరఫున నేను నాలుగు సమావేశాల్లో గొంతు చించుకున్నాను. వాళ్ళు కాగితం చూపించారు. హక్కు కాగితం ఎవరి దగ్గర ఉంటే చేప వాళ్ళదట. తరతరాలుగా ఆ నీళ్ళ ఒడ్డున బతికినవాళ్ళ పేరు ఆ కాగితంలో లేదు. నలభై రెండు మందిమి ఇళ్ళకి పోయాం. ఖాళీ భవనానికి తాళాలు వేయడానికి, చలికాలంలో గొట్టాలు పగలకుండా చూడడానికి పురపాలక సంఘం బోర్గిల్ద్‌ని పెట్టింది.

ఆ తాళాలే ఇద్దరు కుర్రాళ్ళని ప్రపంచం మీదకి వదిలాయి. ఒకడు ఇస్సాత్, బోర్గిల్ద్ చనిపోయిన తమ్ముడి కొడుకు. రెండోవాడు యోస్తైన్, వాళ్ళమ్మ మా బల్ల మీదే ముళ్ళు ఏరేది. ఇరవై ఏళ్ళ వయసు, రెండు పాత కీబోర్డులు, ఒక డ్రమ్ మెషిన్, ఒక లాప్‌టాప్. వీధిలో ఏ ఇంట్లో వాయించినా పొరుగువాళ్ళు తలుపు తట్టేవాళ్ళు. బోర్గిల్ద్ వాళ్ళకి శీతల గది తెరిచి ఇచ్చింది. మూరెడు మందం గోడలు, లోపల బాంబు పేలినా బయట పిల్లి లేవదు. ఆ గది పేరే తమ సంగీత జంటకి పెట్టుకున్నారు. ఫ్రిసెరి అంటే మాలో చేపలు గడ్డకట్టించే చోటు అని.

మొదట్లో వాళ్ళు చేసిన పనల్లా మిగిలిపోయిన సామాను చప్పుళ్ళు మైకులో పట్టడం. జారే తలుపు మూలుగు, గొలుసు కొక్కెం, ఐసు మిషన్ దడదడ. దాని మీద కీబోర్డు రాగాన్ని పొగమంచులా పరిచేవాళ్ళు. మొదటి రికార్డు వచ్చినప్పుడు ఓస్లో పత్రికొకటి ఆ సంగీతంలో ధ్రువకాంతుల నాట్యం ఉందని రాసింది. మేం నవ్వుకున్నాం. అవి కాంతులు కావు, మా ఐసు మిషన్.

బోర్గిల్ద్ రోజూ మధ్యాహ్నం ఫ్లాస్కులో కాఫీ, అల్లిక సంచీ పట్టుకుని ఆ గదిలో కూర్చునేది. వాళ్ళని మెచ్చుకున్నది నేనెప్పుడూ వినలేదు. మెచ్చుకుంటే మనుషులు పాడవుతారని మా ఊరి నమ్మకం. "డబ్బా బానే ఉందిరా, చేపేది?" అనేది. ఇస్సాత్ నవ్వుతూ మళ్ళీ మొదలుపెట్టేవాడు. అయినా వాళ్ళ వేళ్ళు కొంకర్లు పోకుండా చేతి తొడుగులు అల్లింది ఆమే, వేళ్ళ చివరలు వదిలేసి.

రెండో రికార్డుకి ఒక లండన్ కంపెనీ ముందుకొచ్చింది. రెండువేల మూడు అది. కుర్రాళ్ళు పట్టిన చప్పుళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, కోత హాలు మోతని యథాతథంగా మళ్ళీ కట్టారు. కళ్ళు మూసుకుంటే నా చేతిలో కత్తి ఉన్నట్టే ఉంది. ఆ మోత మొదలవగానే బోర్గిల్ద్ ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు కొద్దీ పాడుకుంది. ఎవరికీ వినపడదనే ధీమాతో. మైకు తెరిచే ఉంది.

తర్వాత ఇస్సాత్ వచ్చి, పెద్దత్తా, నీ గొంతు కొంచెం పడింది, వాడుకోవచ్చా అని అడిగాడు. దగ్గో, గొణుగుడో అయి ఉంటుందనుకుని ఆమె సరేనంది. కంపెనీ కాగితం మీద సంతకం కూడా పెట్టింది.

పాట పూర్తయిన రోజు నేను కేకు చేసి పట్టుకెళ్ళాను. యోస్తైన్ మీట నొక్కాడు. మోతంతా తీసేశారు. మిగిలింది ఒక్క గొంతు, దాని కింద నెమ్మదిగా కదిలే కీబోర్డు. నా చేతిలో కత్తి కేకు మీదే ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళు పక్కన నిలబడి నేను విననిది అప్పుడు విన్నాను. అంత మంచిది ఆ ఇద్దరూ అంతకు ముందూ చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు.

బోర్గిల్ద్ అల్లిక ఒళ్ళో పెట్టేసింది. ముఖం తెల్లబోయింది.

"ఇది నాది కాదురా," అంది.

యోస్తైన్‌కి అర్థం కాలేదు. కాగితం తీసి సంతకం చూపించాడు.

"గొంతు నాది. పాట మా చెల్లెలు మాగ్నీ. దాన్ని ఇచ్చే హక్కు నాకు లేదు. ఏమిరా ఇస్సాత్, ట్రోమ్సో వెళ్ళి సామీ భాష నేర్చుకున్నావు, చొక్కాకి జెండా తగిలించుకున్నావు, యోయిక్ ఎవరిదో వాళ్ళకే చెందుతుందని ఎవరూ చెప్పలేదా?"

వాడు తల దించుకున్నాడు. వాళ్ళ నాన్న చెప్పలేదు. ఆయనకి చెప్పాల్సినవాళ్ళని నోరెత్తనివ్వలేదు. పాడినవాళ్ళ సంతకం చాలని ఆ కంపెనీ కాగితం అనుకుంది, దాన్ని నమ్మి మా పిల్లలూ అలాగే అనుకున్నారు. మా చేపనీ ఇలాంటి కాగితమే తీసుకుపోయింది. ఆ మాట నేను అక్కడే అన్నాను, యోస్తైన్‌కి కోపం వచ్చినా సరే.

మాగ్నీ ఇలాంటి సంగీతం ఎందుకు వింటుంది, తెలియనే తెలియదు కదా అన్నాడు యోస్తైన్. బోర్గిల్ద్ కోటు తొడుక్కుంటూ, రెండు స్వరాలు చాలు, తనని తాను గుర్తుపట్టదా అంది.

మాగ్నీ ఆమెకంటే రెండేళ్ళు చిన్న. అక్క ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. అక్కాచెల్లెళ్ళ మధ్య పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఊరి పేరు బోర్డు మీద సామీలో కూడా రాయాలని బోర్గిల్ద్ సంతకం పెట్టింది, వద్దని మాగ్నీ సంతకం పెట్టింది. ఎవడో ఆ బోర్డుని తుపాకీతో కాల్చాడు. కాల్చింది మాగ్నీ కాదు గానీ, ఆ తూట్లు చూసి ఆమె బాధపడిందీ లేదు. మా ఇంట్లో ఎవరూ సామీలు కారు అనేది ఎవరడిగినా. అలా అనేవాళ్ళని తిట్టడం నాకు ఒకప్పుడు తేలిక. ఎందుకంటున్నారో తెలిశాక తేలిక కాదు.

మాగ్నీ ఇంటిదాకా బోర్గిల్ద్ నా చెయ్యి పట్టుకుని నడిచింది. కుర్రాళ్ళిద్దరూ టేప్ ప్లేయర్ పట్టుకుని వెనకాల. దారిలో ఆమె నాకు నలభై ఏడు నాటి సంగతి చెప్పింది. యుద్ధంలో ఇళ్ళన్నీ తగలబడ్డాక కట్టిన రేకుల బడి, పిల్లలు అక్కడే ఉండి చదవాలి. మాగ్నీకి ఏడేళ్ళు, అన్నం ముట్టకుండా ఏడుస్తోంది. బట్టలుతికే గదిలో బోర్గిల్ద్ చెల్లెలి యోయిక్ పాడింది, వాళ్ళ నాయనమ్మ కట్టినది. మాగ్నీ పడీపడీ నవ్వి, సామీలో గలగలా మాట్లాడింది. వార్డెనమ్మ అడుగుల చప్పుడు వినగానే బోర్గిల్ద్ తలుపు వెనక్కి పోయింది. పాడింది ఎవరని ఆవిడ అడిగింది. మాగ్నీ చెప్పలేదు. మూడు రోజులు భోజనాల గదిలో అందరి ముందూ నిలబెట్టారు. బోర్గిల్ద్ తలుపు వెనక నుంచి బయటికి రాలేదు. అప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

మాగ్నీ తలుపు తీసి నలుగురినీ చూసింది. ఎవరైనా పోయారా అని అడిగింది. లేదన్నాం. కాఫీ పెట్టింది, వాఫెల్ అట్ల మీద గోధుమరంగు జున్ను పెట్టి ఇచ్చింది. మా ఊళ్ళో శత్రువుకైనా ముందు కాఫీ ఇవ్వాల్సిందే. ఇస్సాత్ గొంతు సవరించుకుని సంగతంతా చెప్పాడు. ఆమె వింటూ బల్ల మీది గుడ్డ అంచు సరిచేస్తూ ఉంది.

"పెట్టు, విందాం," అంది చివరికి.

పాట నాలుగు నిమిషాలు. ఆమె కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. అయిపోయాక కూడా అటే చూస్తోంది. ఆ ముఖంలో ఏముందో చదవడం నా వల్ల కాలేదు.

బోర్గిల్ద్ కప్పు కింద పెట్టింది. "ఆ రోజు తలుపు వెనక నేనున్నానే, మాగ్నీ," అంది.

"తెలుసులే. కింద నుంచి నీ బూట్లు కనపడుతూనే ఉన్నాయి."

"ఆవిడకి చెప్పలేదేం మరి?"

"చెప్తే ఇద్దర్నీ నిలబెట్టేది. దాంతో ఏం లాభం?" అని మాగ్నీ లేచి అక్క కప్పులో మళ్ళీ కాఫీ పోసింది. "ఫ్యాక్టరీలో రోజూ పాడేదానివా?"

"రోజూ."

మాగ్నీ కాఫీ పాత్ర మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. తర్వాత కుర్రాళ్ళ వైపు తిరిగింది. ముందు, పాట మరీ సాగదీశారని కోప్పడింది. తనెప్పుడూ అంత మెల్లగా నడిచిన మనిషి కాదట. యోస్తైన్ ఆశగా ముందుకి వంగాడు. వేగం పెంచుతాం, రికార్డు అన్ని దేశాలకీ వెళుతుంది, లండన్, టోక్యో అన్నాడు.

"నేను ట్రోమ్సో దాటి ఎరగను నాయనా," అంది మాగ్నీ. "నేను లేని ఊళ్ళకి నన్నెందుకు పంపుతారు? లండన్లో ఎవరో గిన్నెలు తోముకుంటూ ఉంటే వాళ్ళ వంటింట్లో నేను మోగుతూ ఉండాలా? ఒక్కసారి చాలు, నలుగురి ముందూ ఊరికే నిలబడ్డం. రికార్డులో వద్దు."

"అసలు ఎక్కడా వాయించొద్దా, చిన్నత్తా?" అన్నాడు ఇస్సాత్.

ఆమె ఆలోచించింది. "నేను కూర్చున్న చోట వాయించుకోండి. నేనున్నప్పుడు నేనుండడంలో తప్పేముంది?"

యోస్తైన్ బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. లండన్ కంపెనీ ఆ పాట తొలి ముక్క విని, దాని కోసమే ఖరారు చేసిందని అందరికీ తెలుసు. ఇస్సాత్ అతని పక్కన కూర్చుని, తీసేద్దాం అన్నాడు. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు, జంట విడిపోతుందేమో అనిపించింది నాకు. చివరికి యోస్తైనే కంపెనీకి ఉత్తరం రాశాడు. వాళ్ళు కోప్పడ్డారు, సంతకం ఉందని బెదిరించారు. బోర్గిల్ద్ ఆ ఉత్తరం నా చేత చదివించుకుని, నా సంతకం నా గొంతుకే, మా చెల్లెలికి కాదు అని జవాబు రాయించింది. రికార్డు ఆ పాట లేకుండానే వచ్చింది. అంతంతమాత్రంగానే అమ్ముడైంది. పేరు రావడానికి కుర్రాళ్ళకి మరో మూడేళ్ళు పట్టింది.

ఆ వేసవిలో శీతల గదిలో ఊరివాళ్ళ కోసం కచేరీ పెట్టారు. మాగ్నీ మందిరానికి వేసుకెళ్ళే నల్ల కోటులో వచ్చి మూడో వరసలో, అక్క పక్కన కూర్చుంది. పాట వాయించారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, లేచి ఒక్కొక్కరూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. మరుసటి ఏడు తీరం వెంబడి పోయే ఓడెక్కి అక్కాచెల్లెళ్ళు ట్రోమ్సో కచేరీకి వెళ్ళారు. ఆ పాట ఫలానా ముసలావిడ హాల్లో ఉంటేనే వినపడుతుందని కబురు పాకింది. ఒకరోజు మాగ్నీ నన్ను పిలిచి, బెర్లిన్ ఎంత దూరం అని అడిగింది. అరవై ఆరేళ్ళ వయసులో పోలీసు స్టేషన్‌కి వెళ్ళి పాస్‌పోర్టు చేయించుకుంది. ఫోటోలో నవ్వకూడదన్నారని అలిగింది.

బెర్లిన్‌కి నన్నూ తీసుకెళ్ళారు. రెండు వేల మంది పట్టే హాలు. ఆ పాట వంతు వచ్చేసరికి ఇస్సాత్ అలవాటుగా మూడో వరసకేసి చూశాడు. నాకూ బోర్గిల్ద్‌కీ మధ్య కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద నల్ల కోటు మాత్రం ఉంది. మాగ్నీ మరుగుదొడ్డి దగ్గర వరసలో నిలబడి ఉంది. ఇస్సాత్ మైకులో ఏదో చెప్పాడు, ఆమె వచ్చేదాకా ఆగాలని కాబోలు, జనం నవ్వారు, ఆ తర్వాత ఊరుకున్నారు. రెండు వేల మంది నిశ్శబ్దంగా ఎదురు చూశారు. మా మనిషి కోసం అంతమంది ఎదురు చూడడం అదే మొదటిసారి. ఐదు నిమిషాలకి ఆమె చేతులు తుడుచుకుంటూ, తొందరేమీ లేకుండా వరస మధ్యలోంచి నడిచి వచ్చింది.

"జరుగు అక్కా," అని బోర్గిల్ద్‌ని మోచేత్తో పొడిచి, కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత వేదిక వైపు చూసి, ఇక కానివ్వండి అన్నట్టు తలూపింది.