లష్కర్ గదిలో రేడియో పోస్టు

నిజాంసాగర్ గేట్లు ఎత్తుతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి పాలు పోసే సాయవ్వ. ఫోన్లు రాత్రే మూగబోయాయి. తెల్లారకముందే తలుపు తట్టింది. తల మీద యూరియా సంచి కప్పుకుంది. క్యాను కింద పెట్టకుండానే చెప్పింది.

"మంజీర ఒడ్డు ఊర్లల్ల చాటింపేస్తుండ్రు బిడ్డా. మీ రేడియో సారు నిన్ను జల్ది రమ్మన్నడు."

ఆ వానలో ఆ కబురు మోసుకుని నడిచొచ్చిన తల్లికి ఈ పూటకూ నా దండం.

రేడియో సారంటే మా హవల్దారు గారు. సైన్యంలో సిగ్నల్స్ పని చేసి, రిటైరయ్యాక బాన్సువాడలో ఇల్లు కట్టుకున్నారు. ఫోన్లు పనిచేయని రోజున ఊళ్ళ మధ్య మాట మోయడానికి కొద్దిమందిమి ఆయన దగ్గర చేరాం. హామ్ రేడియో అంటారు దీన్ని. సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. జీతం ఉండదు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. చదువంతా ఇంట్లో నాన్న చెప్పిందే. ఆయన రేడియోలు బాగు చేసేవారు. నాకు ఒత్తులు సరిగా రాకముందే టంకం పెట్టడం వచ్చింది. దేవుడు ఊపిరి తక్కువిచ్చినా చెవులు మంచివిచ్చాడు.

హవల్దారు గారి ఆర్డర్లు పొట్టిగా ఉంటాయి.

"నీ పోస్టు కాలువ కట్ట మీది లష్కర్ గది. జమున పోస్టు తండాలో. నేను ఇక్కడ కంట్రోల్. ఛానల్ ఒకటి. అది ఆగిపోతే ఛానల్ రెండు. పిలిస్తేనే మాట్లాడు. మిగతా టైమంతా విను."

లష్కర్ అంటే కాలువ తూములు ఎత్తి దించే మనిషి. అతని గది నస్రుల్లాబాద్ వైపు వెళ్ళే కాలువ కట్ట మీద ఉంది. ఒక తలుపు, ఒక కిటికీ, పైన రేకులు. ఏడింటికి చేరాను. నా సామాను ఇది: పెద్ద సెట్టు ఒకటి, చేతి సెట్టు ఒకటి, కారు బ్యాటరీ, వెదురు గడకు కట్టిన యాంటెన్నా, టార్పాలిన్, అటుకులు, కొంగున ముడేసుకున్న తులసి. కట్టకు ఒక పక్క కాలువ అంచుల దాకా నిండి ఉంది. ఇంకో పక్క కింద వాగు. వాగు మీద కల్వర్టు. ఆ కల్వర్టు మీదుగా పోయేదే తండా నుంచి బాన్సువాడకు దగ్గరి దారి. కాలువ కట్ట మీదుగా కూడా తండాకు దారి ఉంది. అది చుట్టు తిరుగుడు, కానీ ఎత్తు. వరి పొలాలన్నీ ఒకే బురద చెరువులా ఉన్నాయి.

లష్కర్ ఎల్లయ్య నన్ను చూసి గదిలో సగం ఖాళీ చేశాడు. అరవై దాటిన మనిషి. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన ధోవతి, భుజాన తువ్వాలు.

"మీకు ఇబ్బంది పెడుతున్నాను బాబాయ్," అన్నాను.

"బాబాయ్ ఏంది? కాకా అను. మీ క్యాంపోళ్ళు తాతల కాలంల వచ్చిండ్రు, ఇంక మాట మారలే."

మాది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. మా ఊరిని ఇప్పటికీ క్యాంపనే అంటారు. నేను కాకా అన్నాను. ఆయన పొయ్యి మీద చాయ్ పెట్టాడు.

ఆ రోజంతా వాన. సెట్టులో గరగర. గంటకోసారి కంట్రోల్ పిలుపు. "తండా?" "తండా బాగుంది సార్." "లష్కర్ గది?" "బాగుంది సార్." అంతే. మధ్యలో ఏమీ ఉండదు. అదే కష్టం. పని ఉంటే మనసు నిలబడుతుంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని. వచ్చి బ్యాటరీ తీగలు తాకి చూసేదాన్ని. నామం జపిద్దామంటే మధ్యలో గరగర వినపడి ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని.

"కాలుకాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్," అన్నాడు ఎల్లయ్య. "నీళ్ళు వస్తే వస్తయ్. నువ్వు తిరిగితే ఆగుతయా?"

"మీకు ఫికర్ లేదా కాకా?"

"ఉన్నది. గని అది నాలెక్క కూసుంటది."

రెండో రోజు పొద్దున వాన కాస్త తగ్గింది. ఎల్లయ్య వాగు చూసొస్తానని కట్ట దిగాడు. పది దాటాక సెట్టులో జమున గొంతు వినపడింది. జమున తండాలో బట్టలు కుడుతుంది. మా అందరిలో చిన్నది, చురుకైనది.

"కంట్రోల్, అర్జెంటు. పాము కాటు. రాములన్న. మోటరు మునుగుతదని స్టార్టరు డబ్బ ఊడదీయవోయిండు, అండ్ల నాగుపాము. ట్రాక్టర్ల ఏసుకొని దవాఖానకు తెస్తున్నం. వాగు రోడ్డున."

"అర్థమైంది. సెట్టు, బ్యాటరీ వెంట పెట్టుకో. అతన్ని పడుకోనీ, నిద్రపోనీయకు."

రాములు తండాలో ఒకరి పొలానికి పనికొచ్చిన పొరుగూరి కూలీ. అతన్ని నేను అంతకుముందు చూడలేదు.

కాసేపటికి ఎల్లయ్య బురదతో పరుగెత్తుకొచ్చాడు. ఆయన పరుగెత్తడం చూడటం అదే మొదలు.

"కల్వర్టు పోయింది బిడ్డా. రోడ్డే లేదు. పైనుంచి నీళ్ళు సాఫ్‌గ పోతున్నయ్. అటు నుంచి చూస్తే మోకాలు లోతు అనుకుంటరు."

మైకు నొక్కాను. "తండా, తండా, వాగు రోడ్డు వద్దు." వదిలాను. జవాబు లేదు. ట్రాక్టరు ఇంజను మోత ఛానలంతా నిండిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మోత. ఆ మోత వెనక మనుషుల మాటలు.

అప్పుడు అర్థమైంది. జమున మైకు ఎక్కడో ఇరికి నొక్కుకుపోయింది. మైకు నొక్కి ఉన్నంతసేపు ఆ సెట్టు మాట్లాడుతూనే ఉంటుంది, వినదు. వాళ్ళు పలికే ప్రతి మాటా మాకు వస్తుంది. మా మాట ఒక్కటీ వాళ్ళకు పోదు.

ఛానల్ రెండుకు మారాను. హవల్దారు గారు అప్పటికే అక్కడ ఉన్నారు. కల్వర్టు సంగతి చెప్పాను.

"రేడియోతో ఆపలేం," అన్నారు. "మనిషి పోవాలి. కిందికి దిగండి. చేతి సెట్టు తీసుకో."

కట్ట దిగాం. బురదలో చెప్పులు వదిలేశాను. ఊపిరి ఎగదన్నుతోంది. చేతి సెట్టు ఛానల్ ఒకటికి తిప్పి చెవికి పెట్టుకున్నాను. జమున అతన్ని మాట్లాడిస్తోంది.

"అన్నా, కండ్లు మూయకు. నీ బర్ల పేర్లు చెప్పు."

"బర్లకు పేర్లేంది పిల్లా. ఒకటి నల్లది. ఇంకోటి..." మాట ముద్దగా వస్తోంది. "అది గూడ నల్లదే."

డ్రైవరు నవ్వాడు. జమున కూడా నవ్వింది. నేనూ నవ్వాను. పరుగెత్తుతూ, ఏడుస్తూ నవ్వాను.

"నా నడుము కింద ఏందో గుచ్చుతుంది," అన్నాడు రాములు.

అదే మైకు. ఆ మనిషి దాని మీదే పడుకున్నాడు. ఒక్కసారి లాగి చూడమ్మా జమునా అని లోలోపలే వేడుకున్నాను.

"గడ్డి పుల్లలై ఉంటయ్. కదలకు అన్నా. విషం పైకెక్కుతది," అంది జమున.

ఆ పిల్ల చెప్పింది సరైన మాటే. ఇప్పటికీ ఆమెను తప్పుపట్టలేను.

వాగు ఒడ్డుకు చేరాం. అవతల, ఏటవాలు దిగుతూ ట్రాక్టరు కనపడింది. ఎర్రది. మధ్యలో మట్టి రంగు నీళ్ళు, బల్లపరుపుగా, రోడ్డు మీద పారినట్టే పారుతున్నాయి. రెండు చేతులూ ఊపాను. అరిచాను. సెట్టులో డ్రైవరు గొంతు వినపడింది.

"ఎవ్వరో ఆమె చెయ్యి ఊపుతుంది. రమ్మంటుంది. అంటే దాటొచ్చు."

"పోనియ్ అన్నా. జల్ది పోనియ్," అంది జమున.

నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి. దించితే ఏమనుకుంటారో. ఊపితే ఇంకేమనుకుంటారో.

ఎల్లయ్య నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి జరిపాడు.

"ఊపితే రమ్మనుడే అనుకుంటరు బిడ్డా. లోతు కండ్లకు కనబడాలె. ఈ ఒడ్డున స్లాబు ముక్క మిగిలింది. దాని మీద నిలబడ్త. నడుము దాక మునిగితే చూస్తరు."

"కాకా, వద్దు."

"ఈ వాగు నాకు కొత్తదా?"

తువ్వాలు నడుముకు బిగించుకున్నాడు. రోడ్డు ఉండాల్సిన చోట దిగాడు. మోకాలు మునిగింది. తొడలు మునిగాయి. నడుము మునిగింది. అక్కడ నిలబడి రెండు చేతులూ తలపైకెత్తి, అరచేతులు ట్రాక్టరు వైపు పెట్టాడు. ట్రాక్టరు ముందు చక్రాలు నీళ్ళలో పడ్డాయి.

"అరే! రోడ్డు లేదు! ఆపు అన్నా, ఆపు!"

సెట్టులో జమున కేక. ఇంజను మోత ఒక్క కుదుపుతో పడిపోయింది. ట్రాక్టరు ఆగింది.

స్లాబు ముక్క అప్పుడే జారింది. ఛాతీ, మెడ, తల. అంతా ఒక్క ఊపిరిలో. ఆ రెండు అరచేతులు మాత్రం నీళ్ళ మీద ఇంకా కాసేపు ఉన్నాయి. ఇంకా ఆపు అంటున్నట్టే ఉన్నాయి. తర్వాత నీళ్ళే.

అవతల అందరూ ట్రాలీలో లేచి నిలబడ్డారు. రాములును పక్కకు జరిపినట్టున్నారు. మైకు నొక్కు విడింది. ఛానల్ ఖాళీ అయింది. ఇప్పుడు నేను మాట్లాడాలి. మాట్లాడాను.

"తండా, వెనక్కి తిప్పండి. కట్ట దారిన రండి. పేషెంటు ముందు."

"అక్కా, ఆ కాక..."

"పేషెంటు ముందు జమునా. తిప్పించు."

ట్రాక్టరు తిరిగింది. ఛానల్ రెండులో కంట్రోల్‌కు చెప్పాను. "ట్రాక్టరు ఆగింది. కట్ట దారిన వస్తోంది. లష్కర్ నీళ్ళలో పోయాడు."

హవల్దారు గారు అన్నారు. "అర్థమైంది. మనుషుల్ని పంపుతున్నా. నువ్వు పోస్టుకు పో."

వాగు వెంట దిగువకు కొంతదూరం పరుగెత్తాను. పేరు పెట్టి పిలిచాను. తుమ్మలు, నురుగు, ఒక ప్లాస్టిక్ బిందె. ఇంకేమీ లేదు. తిరిగి కట్ట ఎక్కి గదికి వెళ్ళాను. పొయ్యి మీద చాయ్ గిన్నె ఇంకా వెచ్చగా ఉంది. కంట్రోల్ పిలిచింది. "లష్కర్ గది?" "ఉన్నాను సార్" అన్నాను.

మర్నాడు దిగువన గొర్రెల కాపరులకు ఎల్లయ్య దొరికాడు. తువ్వాలు నడుముకు అలాగే ఉందట.

టవర్లు పనిచేయడం మొదలయ్యాక హవల్దారు గారే వచ్చారు. యాంటెన్నా విప్పి, తీగ చుట్టి, బ్యాటరీ తానే ఎత్తుకున్నారు. "డ్యూటీ అయింది, ఇంటికి నడువు," అన్నారు. ఇంటికి వచ్చాను. దీపం పెట్టాను. జపానికి కూర్చోలేకపోయాను. ఇప్పటికీ కూర్చోలేను.

రాములు బతికాడు. మందు వేళకు పడింది. దవాఖానలో డాక్టరుకు, నర్సమ్మలకు, ట్రాక్టరు తోలిన అన్నకు, జమునకు, వాళ్ళను తీసుకొచ్చిన కట్ట దారికి కూడా నేను రుణపడి ఉన్నాను. కోలుకున్నాక అతను ఎల్లయ్య ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. గడప దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు.  ఎల్లయ్య భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది.

"మొఖం కడుక్కో కొడుకా," అంది. "బువ్వ తిందువు."

నేను రేడియో మానలేదు. కానీ మైకు వదిలి, జవాబు వచ్చేలోపు ఉండే ఆ చిన్న ఖాళీలో, నీళ్ళ మీద రెండు అరచేతులు కనిపిస్తాయి. ప్రతిసారీ.

మా వైపు బియ్యం చాలా దూరం పోతాయి. ఎల్లయ్య తూము ఎత్తి వదిలిన నీళ్ళతో పండిన అన్నం మీరూ ఎప్పుడో తినే ఉంటారు. ఈ పూట ముద్ద నోట పెట్టుకునే ముందు ఒక్కసారి ఆ పేరు తలచుకోండి. లష్కర్ ఎల్లయ్య.