ముప్పై ఒక్క మంది తల్లులు

పోయిన వారం నాచారంలో పళ్ల డాక్టరు నా పుచ్చుపన్ను మీద లవంగ నూనె అద్దాడు. ఆ వాసనకు ఉప్పల్‌ పరిశోధన సంస్థలోని మా పాత గది కళ్ల ముందుకొచ్చింది. నోరు తెరుచుకుని కూర్చునే, పోయినవన్నీ లెక్కపెట్టాను. రేకుల కప్పు గది ఒకటి. మైక్రోస్కోపులు రెండు. వాననీళ్లకు రంగు వెలిసిన గాజు పలకలు తొమ్మిది వందల పద్నాలుగు. ఆ పలకల మీది పల్చటి పొరలు తేటపడటానికి వాటిని లవంగ నూనెలో ముంచేవాళ్లం. ముంచే పని డాక్టర్ కరుణమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. ఆమె పోయి పదకొండేళ్లు.

పంతొమ్మిది వందల అరవైల చివర నేను నాచారంలో ఒక మిల్లు గేటు దగ్గర హాజరు రాసేవాణ్ని. పదో తరగతి తప్పాను. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. కరుణమ్మది మెదక్ వైపు పల్లె, కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. లెక్కపెట్టే మనిషి కావాలని నన్ను పిలిపించి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"నీలం పోగులు ఎన్నున్నయి, యాదగిరి?"

"రెండుసార్లు నలభై ఒకటి వచ్చినయి మేడం. ఒకసారి నలభై మూడు."

"మరి ఏది రాస్తవ్?"

"మూడూ రాస్త."

"రేపట్నుంచి రా," అంది.

ఆ పోగులు పుట్టకముందే పోయిన బిడ్డల మెదడువి. తల్లి ఒప్పుకుని వేలిముద్ర వేస్తేనే తీసుకునేవాళ్లం. కడుపులో బిడ్డకు మెదడులో దారులు ముందు పడతాయి, వాటి మీద తెల్లని కొవ్వు తొడుగు ఆ తర్వాత ఎక్కుతుంది. తొడుగు ఎక్కితే కబురు వేగంగా నడుస్తుంది. మా రంగు ఆ తొడుగునే పట్టుకుని నీలంగా చూపించేది. తొడుగు ఎక్కడ పడితే అక్కడ ఎక్కదని, దానికో వరస ఉందని కరుణమ్మ నమ్మకం. మెదడు అడుగున, ఒంటిని నిలబెట్టే దారులూ శబ్దం వెళ్లే దారీ ముందు. ఆలోచనకు పనికొచ్చే నుదుటి వైపువి పుట్టిన తర్వాత. అది చూపాలంటే మాకు చేరిన ముప్పై ఒక్క మంది బిడ్డలనూ వయసు ప్రకారం వారాల వరసలో పేర్చాలి. ఏ పండుగకు నెల తప్పిందో తల్లులు చెప్పినదాన్ని బట్టి ఆ వారాలు కట్టే పని నాది.

పేర్చితే ఎనిమిది కుదరలేదు. ఇరవై ఐదు వారాలని నేను రాసిన బిడ్డలో ఇరవై ఎనిమిది వారాల నీలం కనిపించింది. సంస్థ డైరెక్టరు గారు వచ్చి చూశారు. "ఇది వరస కాదండీ కరుణమ్మ గారూ, చెదిరిన పేకముక్కలు. నెలాఖరుకల్లా గది ఖాళీ చేయండి, వేరేవాళ్లు అడుగుతున్నారు," అన్నారు.

ఆయన వెళ్లాక ఆమె రంగును అనుమానించింది, నీళ్లను అనుమానించింది. నన్ను మాత్రం అనుమానించలేదు. అందుకే నేను కాగితాలన్నీ మళ్లీ తీశాను. ఆ ఎనిమిదీ ఒకే ఏడాదివి.

"గట్లయితే కాగితం ఏం జెప్తది? తల్లినడుగుదాం పా," అని కరుణమ్మ నన్ను కీసర బస్సెక్కించింది.

ఆ ఎనిమిది మంది తల్లుల్లో ఒకామె బాలమ్మ, చేలో కలుపు తీస్తోంది. హోలీకి నెల తప్పిందని అప్పట్లో చెప్పింది ఆమే.

"హోలీ అంటే మార్చి ఆఖరు గదా అక్కా?" అన్నాను.

"ఏం లెక్కలోనివయ్యా నువ్వు. ఆ ఏడు అధికమాసం. దానికి ముందటి పండుగలన్నీ తొందరగా వడ్డయి. హోలీ నాటికి ఇంకా చలి పోలే."

మొదటి ఏడాది పంచాంగం చూసి పండుగల తేదీలు పట్టికగా రాసి గోడకు అంటించింది నేనే. దాన్నే మూడేళ్లు వాడాను. అక్కడే, గట్టు మీదే తప్పు ఒప్పుకున్నాను.

కరుణమ్మ నా వైపు చూసి, "ఎన్ని రోజులు తప్పినవ్?" అంది.

"ఇరవై రెండు కావచ్చు మేడం."

"మూడు వారాలు. మనకు కావాల్సినయి గవ్వే," అంటూ నవ్వింది.

మేం లేవబోతుంటే బాలమ్మ అడిగింది. "నా బిడ్డ తలకాయల ఏం సూసిన్రమ్మా?"

"ఇంకా తేలలేదు బాలమ్మా. తేలినంక నేనే వచ్చి జెప్త. నీకే గాదు, అందరు తల్లులకూ."

ఏ ఏడాది పంచాంగం ఆ ఏడాదికి పెట్టి ముప్పై ఒక్క మంది వయసులూ మళ్లీ కట్టాను. మూడు రోజులు పట్టింది. నెలాఖరున బిడ్డకొక పలక చొప్పున కిటికీ పక్క బల్ల మీద వరసగా పేర్చాం. నీలం అడుగున మొదలై, ఒక్కో వారానికి ఒక్కో మెట్టెక్కింది. ఒక్క పలక కూడా వరస తప్పలేదు. డైరెక్టరు గారు ముప్పై ఒకటీ చూశారు. తిరిగి మొదటి నుంచి చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని, "గది మీదేనండి. ఇంకో బల్ల కూడా వేయిస్తాను," అన్నారు. కరుణమ్మ కుర్చీలో కూలబడి, "యాదగిరీ, చాయ్ జెప్పు. మలాయి ఎక్కువెయ్యమను," అంది. నా ఉద్యోగ జీవితంలో అంత గొప్ప చాయ్ మళ్లీ తాగలేదు.

మర్నాడే కీసర వెళ్లాం. "నీ బిడ్డకు శబ్దం పోయే తొవ్వకు తొడుగు ఎక్కుతుండె బాలమ్మా. వినేటందుకు తయారైతుండె," అని చెప్పింది కరుణమ్మ. "నేను రోజూ పాడేదాన్ని," అంది బాలమ్మ.

కరుణమ్మ ఉన్నన్నాళ్లలో ఇద్దరం కలిసి ఇరవై ఒక్క మందికి చెప్పాం. ఆమె పోయాక నేను ఒక్కణ్నే తిరుగుతున్నాను. ఇళ్లు మారారు, ఊళ్లు మారారు. కిందటి నెల నాగారంలో ఒక ముసలామెను పట్టుకోగలిగాను. చెప్పింది విని, నా రెండు చేతులూ తన కళ్లకు అద్దుకుంది. ఆమెతో కలిపి ఇరవై ఐదు.

ఇంకా ఆరుగురికి చెప్పాలి.