తాళాలాయన వంతు

చిలుకమ్మ రోజూ పొయ్యి అంటించకముందే వాకిట్లోకి వచ్చి, బుగులు వెంకటేశ్వరస్వామి గుట్టవైపు తిరిగి ఇత్తడి తాళాలు రెండుసార్లు మోగించేది. ఒకటి స్వామి పేర. రెండోది ఊళ్లో ఎవరు మంచంపట్టి ఉంటే వాళ్ల పేర. మా చిల్పూరులో జ్వరమొచ్చినవాళ్లకు గంజికంటే ముందు ఆ తాళమే అందేది.

బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. వడ్డన ఎప్పుడూ వరుసలో చివరి పిల్లతో మొదలుపెట్టేది. శనివారం భజనలోనూ అదే పద్ధతి. చేతిలో వాద్యమున్న మనిషి ఊరికే కూర్చోకూడదు. ఎవరి వంతు వాళ్లకు రావాలి.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. ఇవాళ బందు, రేపు రైల్ రోకో. మా భజనలో పాడే కల్యాణి టీచర్ చెల్లెలు ఉమ హైదరాబాద్‌లో వయొలిన్ వాయిస్తుంది. వాళ్ల సింఫనీ కచేరీకి మా అందరికీ పాసులు పంపింది. బందు లేని ఆదివారం దొరకడం స్వామి దయే అనుకొని, పులిహోర మూటలతో జనగామలో రైలెక్కాం.

పెట్టెనిండా విద్యార్థులే. లేచి మాకు సీట్లిచ్చారు. వాళ్లు "జై తెలంగాణ" అన్నప్పుడల్లా చిలుకమ్మ "గోవిందా" అనేది. భువనగిరి వచ్చేసరికి పులిహోర అయిపోయింది. వాళ్లు గోవిందా అంటున్నారు, ఆమె జై తెలంగాణ అంటోంది.

హాలు గుమ్మంలో కల్యాణి టీచర్ చేతులు జోడించింది.

"అవ్వా, లోపల జర సప్పుడు చెయ్యకుండ్రి. మా చెల్లె ఇజ్జత్ మీ చేతుల్నే ఉన్నది."

"నోరు తెరుస్తనా బిడ్డా? స్వామి మీద ఒట్టు," అంది చిలుకమ్మ.

వయొలిన్లన్నీ ఒక్కసారి వానలా మొదలయ్యాయి. మేం ఉమను చూసి మురుస్తున్నాం. చిలుకమ్మ చూపు మాత్రం వెనక వరుసలో ఆగిపోయింది. అక్కడ బక్కపలచని ఒకాయన, అన్నం పళ్లేలంత తాళాలు పక్కన పెట్టుకొని ఊరికే కూర్చున్నాడు.

"గా తాళాలాయన వంతు ఎప్పుడు?" అని నా చెవిలో అడిగింది.

"వస్తదిలే అక్కా."

ఒక భాగం అయిపోయింది. ఇంకొకటి కూడా అయిపోయింది. ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. మా డోలక్ రాజయ్య గొణిగాడు: "మన దిక్కోడే ఉంటడు. కూసోబెట్టిండ్రు గని వాటా ఇస్తలేరు."

నవ్వు ఆగక కొంగులూ కండువాలూ నోట్లో కుక్కుకున్నాం. ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగింది. దగ్గొచ్చిందనుకుందేమో, తన నీళ్ల సీసా ఇచ్చింది. తల్లి కడుపు చల్లగుండ!

చిలుకమ్మ మాత్రం నవ్వలేదు.

"వాయించుతనని ఇంట్ల చెప్పి వచ్చుంటడు గద," అంటూ కళ్లు మూసుకొని స్వామిని వేడుకుంది.

చివరి భాగంలో ఆయన లేచాడు. నేను మోకాలు గిల్లితే చిలుకమ్మ కళ్లు తెరిచింది. ఆయన తాళాలు పైకెత్తాడు. మేమంతా కుర్చీల అంచుకు వచ్చేశాం. వాద్యాలన్నీ పొంగుతుండగా, ఝమ్మని ఒక్కటే దెబ్బ! నా పళ్లదాకా మోగింది.

"గోవిందా!"

చిలుకమ్మ ఒట్టు అక్కడే పోయింది. అలవాటుకొద్దీ మేమూ అందుకున్నాం. "గోవిందా... గోవింద!" ఆ హోరులో మా గోవింద సగం మునిగింది, సగం తేలింది. కల్యాణి టీచర్ మొహం కప్పుకుంది. వేదిక మీద ఉమ మాత్రం నవ్వుతూనే వాయించింది. తాళాలాయన మావైపు చూసి తల వంచాడు. చప్పట్లలో మమ్మల్ని ఎవరూ కసరలేదు.

బయట మెట్ల దగ్గరికి ఉమ మా కోసం పరుగెత్తుకొచ్చింది. వెంట కర్ర పట్టి కచేరీ నడిపించిన పెద్దాయన. ఆయన మాకు దండం పెట్టాడు. చిలుకమ్మ చెవులు పట్టుకుంది.

"ఒట్టు తప్పిన సారూ. స్వామికి నేను చెప్పుకుంట. మీరు జర నాకొక్క పని చేసి పెట్టుండ్రి. వచ్చేసారి గా తాళాలాయనకు ఇంకొక్క దెబ్బ ఎక్కువ ఇయ్యుండ్రి."