గీకిన నెగెటివ్

రేకు డబ్బా మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. పాత ఫిల్ము చివికిపోతే వచ్చే వాసన అది. మా మేనకోడలు శ్రావణి ముక్కు మూసుకుంది. నాకు మాత్రం జనగామ స్టేషన్ రోడ్డులో రహీం సాబ్ ఫోటో స్టూడియో తలుపు ఎవరో తెరిచినట్టయింది. అక్కడ పదేళ్ళకు పైగా రీటచింగ్ చేశాను నేను. అంటే ఫోటో కాగితం మీదికి ఎక్కకముందే, నెగెటివ్ మీద మచ్చలూ మరకలూ సవరించే పని.

శ్రావణి ఆ నెగెటివ్‌లను కింద లైటు పెట్టి, డిజిటల్ కెమెరాతో ఒక్కొక్కటీ ఫోటో తీసింది. వెలుతురు చాలలేదేమో, బొమ్మలన్నిటి మీదా సన్న ఇసుక చల్లినట్టు చుక్కలు. దాన్ని నాయిస్ అంటారట. ఆ చుక్కలను తుడిచే సాఫ్ట్‌వేర్లు మూడు తెచ్చి నా ముందు పెట్టింది. కొన్నాళ్ళు మూడూ ఉచితమే, ఆ తర్వాత ఒకటే కొంటుందట. నీ కన్నే కన్ను అత్తమ్మా, ఏది మంచిదో నువ్వే చెప్పాలి అని నన్ను కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొగిడి పని చేయించుకోవడం ఆ పిల్లకు పుట్టుకతోనే వచ్చింది.

మొదటిదాంట్లో, ఒకప్పుడు మా స్టూడియోకు వచ్చిన కొమురవ్వ అనే ఆమె ఫోటో వేశాను. మీట నొక్కగానే చుక్కలు పోయాయి. వాటితో పాటే కొమురవ్వ మొహం నిండా ఉన్న స్ఫోటకపు మచ్చలూ పోయాయి. డెబ్బై దాటిన ముసలమ్మ సబ్బుబిళ్ళలాగా నున్నగా తయారైంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండోది ఇంకా ఘనమైనది, లేని కనురెప్పల వెంట్రుకలు కూడా మొలిపించింది.

కొమురవ్వ కురవి నుంచి మనవరాలిని వెంటబెట్టుకొని ఫోటో దిగడానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అప్పటికి నేను పనిలో చేరి నెల కాలేదు. ఈ మచ్చలన్నీ పెన్సిల్‌తో పూడ్చాలంటే రెండు రోజులు పడుతుందని లోపల లెక్క వేసుకుంటున్నాను. రహీం సాబ్ కెమెరా దగ్గరి నుంచి వచ్చి ఆమె ముందు ముక్కాలి పీట వేసుకొని కూర్చున్నాడు. "అవ్వా, మొహం మీది మచ్చలు తియ్యమంటవా, ఉంచమంటవా?" అని అడిగాడు. ఆమె మొహం తడుముకుంది. "ఉండనియ్యి కొడుకా. అమ్మతల్లి నా ఇద్దరు పిల్లలను తీస్కపోయి నాకు గివి ఇడ్సిపెట్టింది. గివి గూడ తీసేస్తే నాకేం మిగులుతది?" అంది. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా ముందు ఆ మాట అడగాలని నాకు గట్టిగా చెప్పాడు.

అసలు నన్ను ఆ పనిలోకి తెచ్చిందే ఆయన. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చి బళ్ళు నెలల తరబడి మూతపడ్డాయి. మళ్ళీ తెరిచేసరికి, చదివింది చాల్లే అన్నాడు మా బాపు. నేను బొమ్మలు బాగా వేస్తానని ఎవరి దగ్గరో విని, కొన్నేళ్ళకు రహీం సాబ్ మా ఇంటికి వచ్చి నన్ను పనికి పంపమని అడిగాడు. ఆడపిల్లను చీకటి గదిలో పెడతావా అని బజారంతా నోళ్ళు నొక్కుకుంది. ఆయన నా బల్లను వీధి వైపు కిటికీ పక్కన వేయించాడు. రీటచింగ్‌కు పగటి వెలుతురే కావాలి, వచ్చేపోయేవాళ్ళకు నేనూ కనబడుతుంటాను. బజారు కొంత చల్లబడింది గానీ, ఈ పిల్ల ఎప్పుడు తప్పు చేస్తుందా అని చూసే కళ్ళు అలాగే ఉన్నాయి.

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం పెన్సిల్. సూదిలా చెక్కిన ములుకుతో నెగెటివ్ మీద పలచని చోట్లను, అంటే ఫోటోలో నల్లగా పడేవాటిని, పూడుస్తాం. తెల్లగా ఉబ్బిన మచ్చ ఉంటే మాత్రం పెన్సిల్ పనికిరాదు, నెగెటివ్‌నే బ్లేడు మొనతో గీకాలి. "పెన్సిల్‌తోని చేసిన తప్పు తుడిస్తే పోతది బిడ్డా. బ్లేడుతోని చేసిన తప్పు ఖుదాకు చెప్పుకున్నా పోదు" అనేవాడు. నాలుగేళ్ళయినా బ్లేడు నా చేతికి ఇవ్వలేదు. నాకది నామోషీగా ఉండేది.

అలాంటప్పుడు దంతాలపల్లి నుంచి సమ్మయ్య అనే అతను వచ్చాడు. మహదేవపూర్ వైపు అడవుల్లో కాపలా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి, ఫోటో కావాలి. అతని ఎడమ కనుబొమ్మ పైన తెల్ల దారం అంటించినట్టు ఒక కుట్ల మచ్చ. అరవై తొమ్మిదిలో, పదో తరగతి చదువుతూ, ఊరేగింపులో లాఠీ దెబ్బ తిన్నాడట. ఫోటో తీసి, నెగెటివ్ నా బల్ల మీద పెట్టి, రహీం సాబ్ జుమ్మా నమాజుకు వెళ్ళాడు. బయట అరుగు మీదనే సమ్మయ్య కూర్చొని ఉన్నాడు. ఒక్క మాట అడిగితే సరిపోయేది. మచ్చ ఉంటే రౌడీ అనుకొని ఉద్యోగం ఇవ్వరేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. అదంతా ఉత్త మాట. బ్లేడు పని నాకూ వచ్చని చూపించుకోవాలని నా కడుపులో ఒకటే ఉబలాటం. డ్రాయరు తీసి, బ్లేడుతో మచ్చ గీకేసి, ఆయన తిరిగి వచ్చేలోపే ఫోటో కూడా కడిగి ఇచ్చేశాను. ఫోటో చూసి సమ్మయ్య సినిమా హీరో లెక్క ఉన్నానని మురిసిపోయి పట్టుకెళ్ళాడు.

పది రోజులకు చెమటలు కక్కుతూ వచ్చాడు. దరఖాస్తులో గుర్తింపు చిహ్నాలు అని ఒక గడి ఉంటుంది కదా, అందులో కనుబొమ్మ పైన కుట్ల మచ్చ అని డాక్టరు రాశాడు. ఫోటోలో మచ్చ లేదు. ఒకరి పేరుతో ఇంకొకరు వస్తున్నారని మహబూబాబాద్‌లో ఆఫీసు వాళ్ళు కాగితాలు పక్కన పడేశారు. మర్నాడు మధ్యాహ్నంతో గడువు అయిపోతుంది, వయసు దాటుతోంది కనుక ఇంకో అవకాశం కూడా లేదు. రహీం సాబ్ నెగెటివ్ తీసి కిటికీకి ఎత్తి పట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. సమ్మయ్యను కూర్చోబెట్టి కొత్త ఫోటో తీసి, తెల్లారి మొదటి బండికి మమ్మల్ని ఇద్దరినీ వెంటబెట్టుకొని బయల్దేరాడు.

దారి పొడుగునా, నేనే చెప్పేస్తాను అనుకుంటూనే ఉన్నాను. ఆఫీసరు రెండు ఫోటోలూ, గీకిన నెగెటివ్‌నూ తిప్పి తిప్పి చూసి, నా వైపు వేలు చూపి, ఈ అమ్మాయి చేసిందా అని అడిగాడు. నేను సమ్మయ్య వెనక్కి జరిగాను. "లేదు సార్, నా చెయ్యే. ముసలోన్ని అయిన, చూపు ఆనుతలేదు" అన్నాడు రహీం సాబ్. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. సమ్మయ్య దరఖాస్తు తీసుకున్నారు.

తిరుగు బండిలో, ఎందుకలా చెప్పారని ఏడుస్తూ అడిగాను. "నాకు చూపు లేదంటే నాలుగు గిరాకీలు పోతయి. నీకు పని రాదంటే నిన్ను మళ్ల బల్ల కాడ ఎవ్వరు కూసోనియ్యరు. కానీ అడగక పోతివి చూడు, గది తప్పు" అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పోయినవి నాలుగు గిరాకీలు కావు. ముసలాయనకు చూపు ఆనదట అని ఊరంతా పాకింది. పెళ్ళిళ్ళన్నీ ఊళ్ళో కొత్తగా తెరిచిన ఇంకో స్టూడియోకు వెళ్ళిపోయాయి. ఆ మాట నా బల్ల ముందే అన్నవాళ్ళున్నారు, నేను తల వంచుకొని పెన్సిల్ చెక్కుకున్నాను. సమ్మయ్యకు ఉద్యోగం వచ్చింది. ఏటా ఎండాకాలం అడవి తేనె సీసా తెచ్చి, కండ్లల్ల చుక్క వేసుకుంటే చూపు వస్తుందని రహీం సాబ్‌ను బతిమాలేవాడు. ఆయన సరేనని తీసుకొని, అతను వెళ్ళాక నాకు రొట్టెలోకి పోసేవాడు. రంగు ఫోటోలు వచ్చాక స్టూడియో మూసేసి, ఈ నెగెటివ్‌ల డబ్బా నాకిచ్చాడు. ఆ మరుసటేడు పోయాడు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

డబ్బాలో అన్నిటికంటే అడుగున ఉన్నది సమ్మయ్య నెగెటివే. దాన్ని కూడా మొదటి సాఫ్ట్‌వేర్‌లో వేశాను. కనుబొమ్మ పైన నా బ్లేడు గీతలు ఏటవాలుగా కనిపిస్తున్నాయి. మీట నొక్కాను. చుక్కలతో పాటు గీతలూ పోయాయి, నేను అసలు అక్కడ చెయ్యే పెట్టనట్టు. మూడోది వేసి చూశాను. అది నెమ్మది, కానీ అసలు బొమ్మను ముట్టుకోదు. ఎంత తుడవాలో మనల్ని అడుగుతుంది, వద్దంటే తుడిచింది వెనక్కి ఇస్తుంది. గీతలు కనిపించేంత వరకే తుడిచి ఆపాను. ఇదే కొనమని శ్రావణికి చెప్పాను.

తర్వాత సమ్మయ్య నంబరు వెతికించాను. రిటైరై భూపాలపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఫోన్‌లోనే అంతా చెప్పేశాను. అంతా విని అడిగాడు.

"అయితే సాబు కండ్లు మంచిగనే ఉండెనా?"

"పొయ్యేదాక సూదిల దారం ఎక్కిచ్చిండు."

"మరి నా తేనె?"

"నేనే తిన్న అన్నా" అన్నాను.