పుర్రచేతి మౌస్

దయ్యాల కబుర్లు వింటే నాకు భయం కాదు, ఒళ్ళుమంట. పోయినవాళ్ళు తిరిగి రావడమేమిటి, బతికున్నవాళ్ళకి పనిలేక గానీ! చోడవరంలో కంప్యూటర్ నేర్పి బతుకుతున్న మనిషిని. ఏ వింత వెనకైనా ఎక్కడో ఒక తీగ ఊడి ఉంటుందనేదే నా నమ్మకం. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఆ తీగ కోసం వెతికి వెతికి విసిగిపోయాను.

మా తమ్ముడు సుధాకర్ పోయిన చెరుకు సీజన్‌లో చనిపోయాడు. రావికమతం నుంచి బండి మీద వస్తూ, రోడ్డు మీద ఆపి ఉంచిన చెరుకు ట్రాక్టరుని వెనక నుంచి గుద్దేశాడు. దానికి వెనక లైటు లేదు. రేడియం స్టిక్కరు కూడా లేదు. సమాధి దగ్గర అందరూ "దేవుని చిత్తం" అన్నారు. నేనూ ఆదివారం చర్చికి వెళ్ళేదాన్నే. కానీ స్టిక్కరు అతికించనివాడి బద్ధకాన్ని తీసుకెళ్ళి దేవుడి నెత్తిన రుద్దితే ఒప్పుకోను. ఆ రోజూ ఒప్పుకోలేదు.

వాడు పోయేముందు మా పేటలోని చిన్న బడికి ఒక మాట ఇచ్చాడు. అక్కడ పాత కంప్యూటర్లు మూలన పడి ఉన్నాయి. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ ఏది వేసినా కదలవు. అందరికీ ఉచితంగా దొరికే సోర్స్ కోడ్ తీసుకుని, అక్కర్లేనివన్నీ కోసేసి, ఆ ముసలి యంత్రాలు మోయగలిగేంత తేలికైనది తయారుచేసి ఇస్తానన్నాడు. సగం చేశాడు. ఆ సగం వాడి లాప్‌టాప్‌తో పాటే రోడ్డు మీద ముక్కలైంది.

నెల తిరక్కుండానే బడి కరెస్పాండెంట్ గారు కబురు పెట్టారు, పాత సామాన్లవాడికి వాటిని తూకానికి ఇచ్చేస్తున్నామని. ఆ పిల్లలకి వేరే కంప్యూటర్ లేదు. వాడి మాట కూడా ఇనుముతో పాటు తూకానికి పోవాలా? సోమవారం దాకా ఆగమన్నాను.

"వదిలెయ్యమ్మా, ఆడే లేనప్పుడు ఇయన్నీ ఎందుకు?" అన్నారు నాన్న.

వదల్లేదు. కోడ్ మొదటి నుంచి నేనే మళ్ళీ దించుకున్నాను. వాడి ఫైలు ఒక్కటి కూడా ఇందులో లేదు, అది గుర్తుపెట్టుకోండి. ఆ కోడ్‌ని యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చడానికి కంపైల్ చేస్తుంటే నా సిస్టమ్ ఇడ్లీపాత్రలా కాగిపోయింది. బరువు తగ్గించడానికి సౌండు తీసేశాను, వైఫై తీసేశాను, మౌస్ బటన్లు మార్చుకునే సెట్టింగు కూడా తీసేశాను. మొదటిసారి బూట్ చేస్తే నల్ల తెర. రెండోసారీ అదే. కోపంతో పెన్‌డ్రైవ్ విసిరికొట్టి, మళ్ళీ నేనే ఏరుకుని, తప్పు దిద్దుకున్నాను.

సోమవారం పొద్దున్న బడిలో కంప్యూటర్లు ఒక్కొక్కటే లేచాయి. కిటికీ పక్కదీ లేచింది. కానీ దాంట్లో ఫోల్డరు తెరుద్దామని ఎడమ బటన్ నొక్కితే మెనూ వచ్చింది. కుడి బటన్ నొక్కితే ఫోల్డరు తెరుచుకుంది. రెండు బటన్లూ తారుమారు.

మౌస్ పాడైందనుకుని పక్కదాని మౌస్ పెట్టాను. అదే తంతు. దీని మౌస్ పక్కదానికి పెడితే శుభ్రంగా పనిచేసింది. మౌస్ ఎలా పనిచెయ్యాలో రాసి ఉండే లోపలి ఫైలు తెరిచి చూస్తే కుడిచేతి వాటమనే ఉంది. అంతా చెరిపేసి, మిగతావాటికి ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తోనే మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ తారుమారే.

అప్పుడు గుర్తొచ్చింది. మా సుధాకర్‌ది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టెకి ఎడమ చెయ్యి చాపితే సంఘపెద్ద ఆ చేతిని వెనక్కి నెట్టేవారు. ఆ కసో ఏమో, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా వాడు ముందు మౌస్ బటన్లు తిప్పేసేవాడు. లేచేటప్పుడు మామూలుగా పెట్టేవాడు కాదు. నేను పాఠం మొదలుపెట్టబోతే మెనూలు వచ్చేవి. రోజూ గొడవే. "నువ్వే అలవాటు సేసుకో అక్కా" అనేవాడు.

ఇంతలో కరెస్పాండెంట్ గారు వచ్చి సరిగ్గా దాని ముందే కూర్చున్నారు. నొక్కి చూసి మొహం చిట్లించారు.

"ఏటమ్మా ఇది, ఒకటి నొక్కితే ఇంకోటొస్తంది! పిల్లలు ఏటి నేర్సుకుంటారు? సామాన్లోడిని రమ్మనేస్తాను" అని లేచారు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఆయన ఎదుటే ఆ తెరని చూస్తూ అరిచేశాను.

"ఒరే సుధా! నీకెన్నిసార్లు సెప్పాలిరా? సీకట్లో ఆ రోడ్డు మీద రావద్దంటే ఇన్నావా? నీ మాట నిలబెడదామని నేను సస్తంటే ఇది కూడా పాడు సేస్తావా? తియ్యి! మామూలుగా పెట్టు!"

కరెస్పాండెంట్ గారు బిక్కమొహం వేశారు. నేను మౌస్ మీద చెయ్యి వేసి ఎడమ బటన్ నొక్కాను. ఫోల్డరు తెరుచుకుంది.

ఇంకేదీ ముట్టుకోలేదు. ఆపి మళ్ళీ వెయ్యనైనా లేదు. కంప్యూటర్లు బడిలోనే ఉండిపోయాయి. పిల్లలు వాడుతున్నారు, ఆ బటన్లు మళ్ళీ ఒక్కసారి కూడా తిరగబడలేదు. తెలిసిన ఇంజనీర్లలో ఒకరు పోర్టు అన్నారు, ఒకరు మెమరీ అన్నారు. అన్నీ చూశాను. ఏదీ కాదు. ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

బతికుండగా నా మాట ఒక్కటీ వినలేదు వెధవ. వినక వినక ఆ ఒక్కటీ విన్నాడు. ఇప్పుడు ఆ బడికి వెళ్ళినప్పుడల్లా, పిల్లలు అన్నాలకి వెళ్ళాక కిటికీ పక్కన కూర్చుంటాను. "తిప్పరా, ఏమీ అనను" అంటాను. నొక్కుతాను. ఫోల్డరు మామూలుగానే తెరుచుకుంటుంది.