అయిదున్నర గంటలు

2008 జనవరిలో మా చక్కెర మిల్లు నిజామాబాద్ కార్యాలయానికి మెయిల్ సర్వర్ అమర్చే పని నా మీద పడింది. కొత్త యంత్రం కొనలేదు. ఉన్న కంప్యూటర్‌నే ఇంటిని గదులుగా విడగొట్టినట్టు విడగొట్టాం. అలాంటి గదిని కంటెయినర్ అంటారు. ఒకదానిలో పాత తూకాల లెక్కలు, రెండోదానిలో మెయిల్.

ఆదివారం ఉదయం పదింటికి పని మొదలుపెట్టాను. మెయిల్ గదిలోని గడియారం నాలుగున్నర చూపింది. వేళ తప్పుగా వేసిన కాగితాన్ని ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను ముందుకు పంపలేదు. సరిచేయబోతే అనుమతి లేదంది. గదులన్నిటికీ గడియారం ఒక్కటే, అది అసలు యంత్రంలో ఉంటుంది. అక్కడికి వెళ్లి అయిదున్నర గంటలు ముందుకు జరిపాను. అది మనకన్నా అయిదున్నర గంటలు వెనక నడిచే గ్రీనిచ్ వేళ అనీ, సెట్టింగులో మార్చవలసింది దేశం పేరే గాని గడియారం కాదనీ తట్టలేదు. నాకు నేనే ఒక ఉత్తరం పంపుకున్నాను. వచ్చింది. వేళ కూడా సరిపోయింది.

మంగళవారం ఉదయం ఆరింటికి మిల్లు ఆగిపోయింది. ఆ రోజు మోస్రాలో ఒక రైతమ్మ రెండెకరాల చెరుకు కోతకు ఆర్డర్ ఇచ్చి ఉన్నాం. కోసినది మిల్లుకు చేరకపోతే పొలంలోనే ఎండి తూకం పడిపోతుంది. కోత ఆపమని 6.40కి అక్కడ కోతలు చూసే మా ఫీల్డ్‌మ్యాన్‌కు మెయిల్ పంపాను. జవాబు లేదు. 6.55కి మళ్లీ, 7.10కి మళ్లీ. చేరిందని సర్వర్ మూడుసార్లూ రాసుకుంది. లేచాను, కూర్చున్నాను, అదే వరుసను మళ్లీ చదివాను. ఫోన్ ముందే చేయవచ్చు. కాని నోటి మాట మీద కోత ఆపరాదన్న నియమం రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించింది నేనే.

ఏడున్నరకు ఇక ఆగలేక చేశాను.

“మెయిల్ గిట్ల ఏం రాలే సారూ. కోత ముఠా చేన్ల దిగింది.”

“కోత ఆపు.”

“నోటి మాటతోనా? గట్ల ఆపితే మెమో ఇస్తనన్నరు గద మీరు!”

“చెత్త మెయిళ్లు పడే చోట కూడా చూడు తమ్మీ.”

కాసేపు మౌస్ చప్పుడు. “ఈడ పడ్డయ్ సారూ, మూడు. గని మొదటి దాని మీద పన్నెండు పది అని ఉంది. ఇప్పుడు ఏడున్నరే గద! ఇంకా గాని టైం ఏసిన ఆర్డర్‌ను రిజిస్టర్ల ఎట్ల ఎక్కియ్యాలె?”

వెక్కిరింత కాదు, నేను నేర్పినదే నాకు అప్పజెప్పాడు. రాబోయే వేళ వేసుకొచ్చిన ఉత్తరాలను మోసమని అనుమానించి అవతలి సర్వర్ పక్కన పడేసింది.

“తప్పు నాది. నా మాట మీద ఆపు. ఉరుకు!”

అతడు చేరేసరికి అర ఎకరం చెరుకు నేల మీద ఉంది.

గడియారాన్ని వెనక్కి తిప్పి, తొమ్మిదిన్నరకు మోస్రా బయలుదేరాను. గట్టు మీద రైతమ్మ నన్ను కింది నుంచి మీదికి చూసింది.

“మిల్లెప్పుడు నడుస్తది సారూ?”

“తెలియదమ్మా.”

“తారీఖు లేని కాయితం ముట్టవంట. గిప్పుడు తెల్వదంటున్నవ్.” ఎండిన చెరుకాకును నా చేతుల నిండా వేసింది. “నిలవడి ఏం జేస్తవ్? కోసిన గడల మీద కప్పు. మీద నీళ్లు సల్లాలె.”

కప్పాను.

మిల్లు గురువారం మళ్లీ నడిచింది. వరుస తప్పించి ఆమె ట్రాక్టర్‌ను ముందు పెట్టించాను. అయినా తూకం తగ్గింది. ఆమె తూకం చీటీని మడిచి కొంగున కట్టుకుంది.

“మిగిలిన ఎకరన్నర ఎప్పుడు కొయ్యాల్నో నోటితోనే చెప్పిపో సారూ.”

“రేపు ఉదయం ఏడింటికి” అన్నాను.