చేతులు వెనక్కి కట్టుకుని చదివిన పుస్తకం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా కంట పడకుండా పొయ్యిలోకి వెళ్ళిన కాగితం లేదు. కొట్టు నుంచి జీలకర్ర పొట్లం తెస్తే, జీలకర్ర డబ్బాలో పోయకముందే పొట్లం విప్పి చదివేసేదాన్ని. ఎరువుల బస్తా మీది రాతలు, పురుగుమందు డబ్బా మీది హెచ్చరికలు, పెళ్ళి శుభలేఖలో అందరి పేర్లూ, ఏదీ వదిలేదాన్ని కాదు. మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు. "దీనికి అన్నం పెట్టకపోయినా పర్లేదమ్మా, కాయితం ముక్క పడేస్తే చాలు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. అది తిట్టో, గొప్పగా చెప్పుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఊరు చిలకలూరిపేటకి దగ్గరే. పేట నుంచి వారపత్రికలు తెప్పించుకునే మనిషి మా వీధిలో ఒక్కరే ఉండేవారు, పక్కింట్లో బట్టలు కుట్టే అక్క. మేమంతా మిషనక్క అనేవాళ్ళం. రంజాన్‌కి వాళ్ళింటి నుంచి మాకు సేమియా గిన్నె వచ్చేది, ఉగాదికి మా బూరెలు వాళ్ళింటికి వెళ్ళేవి. ఆ అక్క వారం వారం పత్రికలోంచి సీరియల్ కాగితాలు జాగ్రత్తగా ఊడదీసి దాచేది. కథ పూర్తయ్యాక వాటిని వరసగా పేర్చి, కొన్ని కొన్ని కాగితాలు కలిపి అంచు వెంట మిషను మీదే కుట్టేది. ఆ రోజు మిషనుకి ఏ రంగు దారం ఉంటే పుస్తకానికి ఆ రంగు కుట్టు. అట్టకి ఎవరిదో జాకెట్టులో మిగిలిన గుడ్డ అతికించేది. అందుకే ఆమె పుస్తకాలకి పేర్లతో పనిలేదు. చిలకపచ్చ పుస్తకం, పువ్వుల పుస్తకం, చారల పుస్తకం అంటే సరిపోయేది.

తొంభైల చివర్లో, నేను ఆరో తరగతి చదువుతున్న వేసవిలో నాకు ఆ చిలకపచ్చ పుస్తకం దొరికింది. తప్పిపోయిన అన్న కోసం పడవెక్కి వెతుక్కుంటూ వెళ్ళే ఒక ఆడపిల్ల కథ అది. ఒంటిపూట బళ్ళు నడుస్తున్నాయి. బడి కాగానే అమ్మమ్మ వెంట మిరపకాయల షెడ్డుకి వెళ్ళేదాన్ని. అక్కడ ఎండుకాయల రాశి చుట్టూ పదిమంది ఆడవాళ్ళు కూర్చుని పొద్దుగూకేదాకా తొడిమలు తుంచేవాళ్ళు. అరగంట తుంచేసరికి వేళ్ళు భగభగలాడతాయి. ఆ చేత్తో కన్ను ముట్టుకోకూడదని మా ఊళ్ళో పాకే పిల్లకి కూడా తెలుసు. పుస్తకం ముట్టుకోకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను పరికిణీ మడతలో పుస్తకం పెట్టుకుని నాలుగు కాయలు తుంచడం, ఒక పేజీ తిప్పడం. మళ్ళీ నాలుగు కాయలు, మళ్ళీ ఒక పేజీ.

కథ సగానికొచ్చి, ఆ పిల్ల ఎక్కిన పడవ గాలివానలో చిక్కుకున్నాక, మిషనక్క ఒక్క పూటకి ఆ పుస్తకం అడిగింది. చదివిన పుస్తకమే పదిసార్లు చదవడం ఆమె అలవాటు. మధ్యాహ్నం భోంచేశాక పడుకుని నాలుగు పేజీలు చదివి, అదే పుస్తకాన్ని మొహం మీద బోర్లించుకుని నిద్రపోవడం ఇంకో అలవాటు. నేను బడికి వెళ్తూ ఇచ్చి వెళ్ళాను.

ఆ మధ్యాహ్నమే ఆమె షెడ్డుకి వచ్చింది. తడి తువ్వాలు కళ్ళకి అద్దుకుంటూ, దారి తడుముకుంటూ వచ్చింది. మొహం మా రాశిలోని కాయల రంగులో ఉంది.

"ఏందమ్మాయ్, ఎవరు కొట్టారు నిన్ను?" అంది మా అమ్మమ్మ.

"ఎవరూ కొట్టలా పెద్దమ్మా. మీ మనవరాలిచ్చిన పుస్తకం కొట్టింది. ఒక్క పేజీ కాదు, కూరకి పట్టించినట్టు అన్నిటికీ పట్టించింది కారం!"

ఆడవాళ్ళంతా తొడిమలు పక్కన పడేసి పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మిషనక్క ఒక కన్ను కష్టం మీద తెరిచి నన్ను వెతికి పట్టుకుని, "ఇంకోసారి పుస్తకమంటూ నా గుమ్మం తొక్కావో, ఊరుకోను" అని వెళ్ళిపోయింది. అమ్మమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. దెబ్బ కంటే ఆ పడవ ఎక్కువ బాధపెట్టింది. పడవ మునిగిందో తేలిందో ఇక నాకు తెలిసే దారి లేదు.

మూడు రోజులు పిచ్చెక్కినట్టు తిరిగాను. అన్నం సయించలేదు. చదవడానికి ఏమీ దొరక్క తలనొప్పి మాత్రల అట్ట మీది సన్న అక్షరాలు కూడా కూడబలుక్కున్నాను. నాలుగో రోజు బడి నుంచి వస్తుంటే మిషనక్క గుమ్మంలోంచి పిలిచింది.

"ఏమే, ఇట్రా. నా కళ్ళు ఇంకా మండుతున్నాయి. మిషను కుట్టుకోవడమే గగనంగా ఉంది, ఇంక చదివేదేముంది? నీ మూలంగా నా పుస్తకం నాకు లేకుండా పోయింది. కాబట్టి నువ్వే చదివి వినిపించాలి. ముట్టుకుంటే మాత్రం వేళ్ళు విరుస్తా. చేతులు వెనక్కి కట్టుకో."

బట్టలు కత్తిరించే బల్ల మీద పుస్తకం తెరిచి, కదలకుండా కత్తెర బరువు పెట్టింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని వంగి చదవడం మొదలుపెట్టాను. పేజీ అయిపోగానే "ఊ" అనాలి. ఆమె మిషను ఆపి, పేజీ తిప్పి, మళ్ళీ తొక్కేది. రోజుకి ఒక్క వారం కథే. ఎంత బతిమాలినా రెండో వారం లేదు. భయం ఉన్నచోట మిషను చప్పుడు మెల్లగా సాగేది. ఆ పిల్లకి అన్న ఆచూకీ దొరికిన రోజున ఆగకుండా తొక్కేసింది. ఎవరి జాకెట్టు చెయ్యో వంకర పోయింది, మళ్ళీ కుట్లు విప్పుకుంది.

మొదటిరోజు అక్కడి నుంచి షెడ్డుకి వెళ్ళి కూర్చున్నాక నా నోరు ఆగలేదు. చేతులకి పని ఉంది, ఒళ్ళో పుస్తకం లేదు, బుర్రలో మాత్రం పడవ ఊగుతూనే ఉంది. పక్కావిడతో చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి మాట్లాడేది నేనొక్కదాన్నే అయ్యాను. కథలో సముద్రం అంటే మా వాళ్ళందరికీ వాడరేవే, వాళ్ళు చూసిన సముద్రం అదొక్కటే మరి. "అక్కడ అలలు మోకాలిదాకే కదే, పడవెట్టా మునుగుద్ది?" అని ఒకావిడ వాదన. "లోపలికి పోయి చూశావా? నోరు మూసుకుని విను" అని మా అమ్మమ్మ కసిరింది. నన్ను కొట్టిన అమ్మమ్మే మర్నాడు నేను షెడ్డులో అడుగుపెట్టగానే, "గట్టెక్కిందా ఆ పిల్ల?" అంది.

అప్పటి నుంచి మిషనక్క దగ్గర చదివేటప్పుడు ఒక్క మాట కూడా జారిపోనిచ్చేదాన్ని కాదు. పేజీ మళ్ళీ వెనక్కి తిప్పడం కుదరదు. అవతల పదిమంది కాచుకుని ఉన్నారు. ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో, ఎవరు ఏ మాట ముందన్నారో అన్నీ లోపల సర్దుకుని, మిరపకాయల మధ్య కూర్చుని ఒక్కొక్కటే తీసి చెప్పేదాన్ని.

వారం గడిచాక ఒకరోజు చదువుతూ తలెత్తి చూశాను. మిషనక్క సూదిలోకి దారం ఎక్కిస్తోంది. తడి చేసుకోలేదు, కళ్ళు చిట్లించలేదు. ఒక్క విసురుకే ఎక్కించేసింది.

"అక్కా, కళ్ళు బాగైపోయాయా?" అన్నాను.

ఆమె గబుక్కున దారం వదిలేసింది. తర్వాత తువ్వాలు తీసుకుని కళ్ళు తుడుచుకుంది. "ఎక్కడే, మంటలు మంటలు. తర్వాతేమైందో చదువు" అంది.

నేను తలొంచుకుని చదివాను. ఇంకో మాట అడిగితే ఆ పుస్తకం మూతపడుతుందేమోనని భయం. ఆమె మంటలన్నది, నేను నమ్మినట్టే ఉన్నాను. అలా ఇద్దరం కలిసి ఆ కథని ఒడ్డుకి చేర్చాం.

చివరి పేజీ అయిపోయిన రోజున ఆమె కత్తెర తీసి పక్కన పెట్టింది. "చేతులు ముందుకి పెట్టు" అంది. నా అరచేతులు దగ్గరికి లాక్కుని, రెండూ వాసన చూసి, వాటిలో పువ్వుల పుస్తకం పెట్టింది. "ఇది ఇంటికి తీసుకుపో. షెడ్డులోకి మాత్రం బుర్రలో పెట్టుకుని పో" అంది.

నా బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. చదవడం మాత్రం ఆగలేదు. ఆ తర్వాత ఎన్ని వేసవులు ఆ రాశుల చుట్టూ కూర్చున్నానో, అన్ని వేసవులూ మిషనక్క పుస్తకాలు నా నోటి వెంట ఆ షెడ్డులో తిరిగాయి. ఇవాళ మా ఇంట్లో పిల్లలు "అంత పెద్ద కథ మాట తప్పకుండా ఎట్టా చెప్తావు?" అని అడుగుతుంటారు. కారం చేతుల వల్ల అంటే నవ్వుతారు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో ఏదైనా కథ తెరిచి నా ముందు పెడితే, నా చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్ళిపోతాయి. వంగి చదువుతాను. కిందిదాకా వచ్చాక "ఊ" అంటాను. అది నవ్వుకుంటూ వేలితో పైకి జరుపుతుంది. ఆ కాస్త సేపట్లో ఎక్కడో మిషను ఆగి, మళ్ళీ నడిచిన చప్పుడు నాకు వినిపిస్తుంది.